జీఎస్-1 ప్రపంచ చరిత్ర: నా నోట్సులో లేని కార్మిక ఉద్యమం

సివిల్స్ మెయిన్స్‌కి, అందులో చరిత్ర ఉండే జీఎస్-1 పేపర్‌కి చదివే రోజుల్లో కార్మిక ఉద్యమాలంటే నా నోట్సులో మార్క్స్, ఇంటర్నేషనల్స్ (దేశదేశాల కార్మిక సంఘాల కూటములు), రష్యా విప్లవం మాత్రమే ఉండేవి. ఒక టెస్టులో 19వ శతాబ్దపు కార్మిక సమస్యకు ఎవరెవరు ఎలా స్పందించారో రాయమంటే, మూడు పేజీలూ సోషలిజంతోనే నింపాను. పేపర్ దిద్దిన సార్ పక్కన ఒకే ప్రశ్న రాశారు: "మరి చర్చి ఏం చేసింది?" నా దగ్గర జవాబు లేదు. చాలా బాధేసింది.

వెతికితే ముందు దొరికింది 1891 మే 15 నాటి 'రేరుమ్ నొవారుమ్'. పోప్ 13వ లియో ఈ లేఖలో సొంత ఆస్తి హక్కును సమర్థించారు. కార్మికుడు బతకడానికి చాలినంత కూలి ఇవ్వాలని, వాళ్లు సంఘాలు పెట్టుకోవచ్చని కూడా చెప్పారు. తేదీ బట్టీ పట్టాను కానీ విషయం ఒంటబట్టలేదు.

బెల్జియం చదివాకే ఒంటబట్టింది. ఆల్స్ట్ అనే బట్టల మిల్లుల ఊరు నుంచి 1894లో కార్మికుల పక్షాన నిలిచిన ఫాదర్ డాన్స్ పార్లమెంటుకు గెలిచారు. ఆయన్ని గట్టిగా అడ్డుకున్నది ఎవరో కాదు, కాథలిక్ పార్టీ పెద్దలే. చివరికి చర్చి ఆయన్ని మతగురువు బాధ్యతల నుంచి కూడా తప్పించింది. కాథలిక్ ఉద్యమం అంతా ఒకే మాట మీద నడిచిందని రాస్తే తప్పని నాకు అక్కడే తెలిసింది.

తర్వాత బెల్జియం ఫాదరే అయిన కార్డైన్. సెమినరీ (ఫాదర్లకు శిక్షణ ఇచ్చే చోటు) నుంచి సెలవులకు ఇంటికొస్తే, ఫ్యాక్టరీల్లో చేరిన చిన్ననాటి స్నేహితులు ఆయన్ని పరాయివాడిలా చూశారట. 1903లో తండ్రి చనిపోతున్నప్పుడు, కార్మికుల కోసమే బతుకుతానని మాటిచ్చారు. 1925లో యువ కార్మికుల సంఘం 'జోక్' రూపుదిద్దుకుంది. దాని పద్ధతి మూడే మాటలు: చూడు, విచారించు, చెయ్యి. పాఠం పైనుంచి చెప్పరు. కుర్రాళ్లే తాము పనిచేసే చోట కూలి, పనిగంటలు, ప్రమాదాలు గమనించి మాట్లాడుకుని ఏదో ఒకటి చేయాలి. ఇది చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

జవాబులకీ ఇదే వాడాను: ముందు అప్పటి పరిస్థితి, తర్వాత దాన్ని ఎవరెలా అర్థం చేసుకున్నారు, ఆపైన ఏం చేశారు. సైడ్ హెడ్డింగుల టెన్షన్ తగ్గింది.

మీరూ ఒకటి రాసి చూడండి. 1919లో ఫ్రాన్స్‌లో పుట్టిన క్రైస్తవ కార్మికుల సమాఖ్య సీఎఫ్‌టీసీ, 1964లో మెజారిటీ నిర్ణయంతో పేరులోంచి 'క్రైస్తవ' మాట తీసేసి సీఎఫ్‌డీటీగా మారింది. ఒప్పుకోనివాళ్లు పాత పేరుతోనే కొనసాగారు. ఎందుకిలా జరిగింది? 150 పదాలు, ఏడు నిమిషాలు.