ఒక్క కస్టమర్, మూడు పేర్లు: సర్వీస్ సాఫ్ట్‌వేర్‌తో నా అనుభవం

మా కంపెనీలో పనంతా మూడు చోట్ల నడిచేది: ఆఫీసు గోడ మీద వైట్‌బోర్డు, ఒక వాట్సాప్ గ్రూపు, అకౌంటెంట్ గారి కంప్యూటర్. ఇళ్లకు వెళ్లి ప్లంబింగ్, ఎలక్ట్రికల్, ఏసీ పనులు చేస్తాం. టెక్నీషియన్లు తొమ్మిది మంది. ఆఫీసులో నేను, అకౌంటెంట్ గారు, ఫోన్లెత్తే అమ్మాయి. ఎవరు ఎక్కడికెళ్లాలో పొద్దున్నే బోర్డు మీద రాసి, ఫొటో తీసి గ్రూపులో పెట్టేవాళ్లం. పదయ్యేసరికి ఆ ఫొటో పాతబడిపోయేది.

బుకింగులు, పనులు, బిల్లులు అన్నీ ఒకే చోట చూసుకునే సర్వీస్ సాఫ్ట్‌వేర్ కొనాలని ఏడాదిగా అనుకుంటూనే ఉన్నా, నన్ను కదిలించింది మాత్రం ఒక వాటర్ హీటర్. బిగించడం అయిపోయింది, కస్టమర్ సంతకం పెట్టాడు, ఆ కాగితం మాత్రం బండి డాష్‌బోర్డు అరలో ఉండిపోయింది. రెండు నెలల తర్వాత బండి కడుగుతుంటే దొరికింది. దానితో పాటు అలాంటివే ఇంకో నాలుగు. అంటే ఐదు పనులకు మేం బిల్లే వేయలేదు. కస్టమర్లు అడగలేదు. అడుగుతారా మరి!

మొదట అందరూ చేసే పనే చేశాను. ఏమేం కావాలో ఎక్సెల్‌లో అరవై వరుసలు రాసి నాలుగు కంపెనీలకు పంపాను. నలుగురూ అన్నిటికీ టిక్కు పెట్టి పంపారు. తర్వాత డెమోలు. డెమోలో కస్టమర్ ఎప్పుడూ ఇంట్లోనే ఉంటాడు, పార్టు ఎప్పుడూ బండిలోనే ఉంటుంది, పని ఒక్క విజిట్‌లో అయిపోతుంది. చూస్తున్నంతసేపూ బాగుంటుంది.

ఆ జాబితా పక్కన పడేసి, మా దగ్గర జరిగిన పనుల్లో అన్నిటికంటే చిక్కుగా ఉన్నదాన్ని ఒక కాగితం మీద రాశాను. ఫోన్ చేసింది అద్దెకుండే ఆవిడ, డబ్బు కట్టేది వేరే ఊళ్లో ఉండే ఇంటి ఓనరు. మొదటి విజిట్‌లో లీకు ఎక్కడుందో దొరికింది, వాల్వు ఆర్డర్ పెట్టాలి, ఓనరు సగం అడ్వాన్సు పంపాడు. రెండో విజిట్‌కి వేరే ప్లంబర్ వెళ్లాడు. పది రోజులకు అదే చోట మళ్లీ కారితే వారంటీ కింద ఉచితంగా చేసిచ్చాం. "ఇది నా ముందే ఎక్కించి చూపించండి" అని నలుగురినీ అడిగాను. ఒకరు పని చేసే చిరునామా, బిల్లు వెళ్లే చిరునామా వేరువేరుగా పెట్టలేకపోయారు. ఇంకొకరి దాంట్లో రెండో విజిట్ కొత్త జాబ్ అయిపోయింది, అడ్వాన్సేమో పాత జాబ్‌లోనే మిగిలిపోయింది. మూడో ఆయన ప్రతిదానికీ "దానికో వర్క్‌అరౌండ్ ఉంది మేడం" అన్నాడు, అంటే చుట్టు తిరిగి చేసే దారి. ఆ వర్క్‌అరౌండ్ రోజుకు ఇరవై సార్లు చేయాల్సింది మా ఫోన్ల అమ్మాయి కదా. నాలుగోది నత్తనడకే అయినా, మొత్తం ఒకే జాబ్ కింద చూపించింది.

ఇంకో పరీక్ష మా సీనియర్ ప్లంబర్ పెట్టాడు, నేను అడక్కుండానే. ట్రయల్ యాప్ ఆయన ఫోన్లో వేసి పంపితే సెల్లార్‌లోంచి పైకొచ్చి ఫోన్ చేశాడు. "కింద సిగ్నల్ లేదు మేడం. ఇది గుండ్రంగా తిరుగుతూనే ఉంది. నేను పని చేయనా, దీన్ని చూస్తూ కూర్చోనా?" ఆఫ్‌లైన్‌లో పనిచేస్తుందని బ్రోచర్‌లో ఉంది. నిజమే, జాబ్ వివరాలు కనిపిస్తాయి. ఫొటోలు, సంతకం మాత్రం నెట్ ఉంటేనే. ఆ ఒక్క ముక్క అడిగి సెట్టింగులు మార్పించుకోవడానికి వారం పట్టింది. ఇంకో మాట కూడా అప్పుడే అడిగి ఉండాల్సింది: మానేస్తే మా డేటా ఏ రూపంలో వెనక్కిస్తారు? చాలా వాటిలో కస్టమర్ల జాబితా సీఎస్‌వీ ఫైలుగా, అంటే ఎక్సెల్‌లో తెరుచుకునే సాదా పట్టికగా, తేలిగ్గానే వచ్చేస్తుంది. జాబ్ ఫొటోలు, నోట్సు బయటికి తెచ్చుకోవడంలోనే ఉంటుంది తంటా. నేను సంతకాలయ్యాక అడిగాను, మీరు ముందే అడగండి.

ఎంచుకోవడం అయ్యాక పాత డేటా ఎక్కించాలి. అసలు పరువు అక్కడ పోయింది. ఒకే కస్టమర్ మూడు పేర్లతో ఉన్నాడు: పూర్తి పేరు ఒకసారి, ఇంటిపేరు పొడి అక్షరంతో ఒకసారి, "గ్రీన్ గేట్ సార్" అని ఇంకోసారి. ఫోన్ నంబరు ఆధారంగా కలుపుదామంటే, ఎక్సెల్ ఆ నంబర్ల ముందున్న సున్నాలు మింగేసింది. పరికరాల సీరియల్ నంబర్ల సంగతి ఇంకా ఘోరం. ఎక్సెల్ ఏ సంఖ్యలోనైనా 15 అంకెల వరకే గుర్తుంచుకుంటుంది, ఆ తర్వాతివన్నీ సున్నాలు చేసేస్తుంది. పొడుగు సీరియల్ నంబర్ల చివర్లన్నీ అలా పోయాయి. పాత ఫైలు దాచి ఉంచాం కాబట్టి బతికిపోయాం. ఈసారి ఫైలు తెరిచేటప్పుడే ఆ కాలమ్స్‌ని టెక్స్ట్‌గా పెట్టుకున్నాం. ఐటమ్స్ పేర్లలో ఒక్క కుళాయి మార్చడమే పదకొండు రకాలుగా ఉంది. రెండు సాయంత్రాలు అకౌంటెంట్ గారు, సీనియర్ ప్లంబర్ ఎదురెదురుగా కూర్చుని వాదించుకుంటే అది రెండుకు తగ్గింది.

ఇక ఇంటిగ్రేషన్, అంటే యాప్, అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్ వాటంతటవే వివరాలు పంచుకోవడం. "మీ అకౌంటింగ్‌తో ఇంటిగ్రేషన్ ఉంది" అన్న మాట నమ్మి నేను ఒక మధ్యాహ్నం కేటాయించుకున్నాను. నెలన్నర పట్టింది. ఏ వివరాలు వెళ్తాయి, ఎటు నుంచి ఎటు వెళ్తాయి, వెళ్లాక ఇక్కడ దిద్దితే అక్కడా మారుతుందా, తీసేస్తే ఏమవుతుంది? ఈ నాలుగూ తెలిస్తే తప్ప ఆ మాటకు అర్థం లేదు. మేం మొదట రెండు వైపులా సింక్ పెట్టుకున్నాం, అంటే ఎక్కడ మార్చినా రెండో చోటా మారేలా. అకౌంటెంట్ గారు ఒక ఐటమ్ ధర సరిచేస్తే రాత్రి సింక్‌లో యాప్ పాత ధర తెచ్చి పెట్టేది. పొద్దున్నే ఆయన మళ్లీ సరిచేసేవారు. నాలుగు రోజులు ఒకరికి తెలియకుండా ఒకరు కొట్టుకున్నారు. చివరికి ఒక చీటీ రాసి గోడకు అంటించాం: కస్టమర్లు యాప్‌లోనే పుట్టాలి, ఐటమ్స్, పన్ను కోడ్లు అకౌంట్స్‌లోనే పుట్టాలి, ఇన్వాయిస్ యాప్ నుంచి అకౌంట్స్‌కి వెళ్తుంది, తిరిగి రాదు.

మా లెక్కలు అప్పట్లో క్విక్‌బుక్స్ ఆన్‌లైన్ అనే అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఉండేవి. అందులో కస్టమర్లు, వెండర్లు, ఉద్యోగులు అందరికీ కలిపి ఒక పేరు ఒక్కసారే ఉండాలని నియమం. మాకు పైపులు అమ్మే ఆయన ఇంట్లోనే మేం ఏసీ కూడా బిగించాం! ఆయన ఇన్వాయిస్ ఎన్నిసార్లు పంపినా ఆగిపోయేది. కారణం తెలిశాక కస్టమర్ పేరు చివర ఒక చిన్న గుర్తు చేర్చడంతో సరిపోయింది. తెలిసే దాకా మాత్రం ఒకటే టెన్షన్.

డబ్బు దగ్గర ఇంకో ముడి పడింది. కస్టమర్లు ఆన్‌లైన్‌లో విడివిడిగా కడతారు. ఆ డబ్బు వసూలు చేసిపెట్టే పేమెంట్ గేట్‌వే కంపెనీ వాటన్నిటినీ కలిపి, తన ఫీజు పట్టుకుని, ఒకే మొత్తంగా బ్యాంకులో వేస్తుంది. యాప్‌లో ఏడు చెల్లింపులు, బ్యాంకులో ఒక్క జమ, అదీ ఏడింటి మొత్తం కంటే తక్కువ. మొదటి నెల అకౌంటెంట్ గారు కాలిక్యులేటర్ పట్టుకుని కుస్తీ పట్టారు. తర్వాత ఆయనే మధ్యలో ఒక క్లియరింగ్ ఖాతా తెరిచారు. చెల్లింపులు పూర్తి మొత్తంతో అందులోకి వస్తాయి, బ్యాంకు జమ, ఫీజు అందులోంచి బయటికి పోతాయి. చివరికి అందులో సున్నా మిగలాలి. మిగలకపోతే ఏదో తప్పిపోయిందన్నమాట. అడ్వాన్సులను కూడా ఆయన పని పూర్తయ్యే దాకా ఆదాయంలో కలపనివ్వలేదు. అప్పటిదాకా అది మనం కస్టమర్‌కి బాకీ అంటారు. ఇవన్నీ యాప్ వాళ్ల హెల్ప్‌లైన్‌కి తెలియవు. మీ అకౌంటెంట్‌ని మొదటి డెమోకే కూర్చోబెట్టుకోండి. నేను కూర్చోబెట్టలేదు, ఆయన ఇప్పటికీ దెప్పుతూనే ఉంటారు.

మా వెబ్‌సైట్ ఫారం నుంచి వచ్చే బుకింగులను యాప్‌కి కలపడానికి వెబ్‌హుక్ పెట్టించాం, అంటే అటు ఫారంలో బుకింగ్ రాగానే ఇటు యాప్‌కి తనంతట తానే కబురు పంపే ఏర్పాటు. ఇటు నుంచి అందినట్టు జవాబు సకాలంలో రాకపోతే అటువైపు సిస్టమ్ అదే సమాచారాన్ని మళ్లీ పంపుతుంది. మాకది తెలియదు. ఒక రోజు ఒకే గేటు ముందు మా ఎలక్ట్రీషియన్లు ఇద్దరు ఎదురుపడ్డారు. "నువ్వెందుకొచ్చావు?" "నువ్వెందుకొచ్చావు?" ఇంటావిడ ఇద్దర్నీ చూసి నవ్విందట. ఆ సాయంత్రమే, బుకింగ్ నంబరు ఇంతకుముందు వచ్చి ఉంటే రెండో జాబ్ తెరవకుండా కట్టుదిట్టం చేయించాం.

యాప్ అలవాటయ్యే దాకా బోర్డు కూడా ఉంచి, రెండు వారాలు రెండూ నడుపుదామనుకున్నాం. రెండూ ఉన్నంతకాలం అందరూ బోర్డే చూశారు. పదో రోజున బోర్డు తీసి స్టోర్‌రూమ్‌లో పెట్టేశాను. రెండు రోజులు గొణుగుడు, మూడో రోజు నుంచి ఫోన్లు తగ్గాయి. మా సీనియర్ ప్లంబర్ ఒక ఇంటి మోటారు పాత ఫొటో తెరిచి చూసి, "దీని కెపాసిటర్ కిందటిసారి మార్చింది మనమే మేడం, వారంటీలో ఉంది" అని ఫోన్ చేసినప్పుడు ఆయన యాప్‌తో రాజీపడ్డాడని అర్థమైంది. బిల్లు వేయకుండా మిగిలిన పనుల జాబితా ఇప్పుడు రోజూ సాయంత్రం స్క్రీన్ మీదే కనిపిస్తుంది.

స్టాకు మాత్రం ఇంకా తేలలేదు. ప్రతి బండినీ ఒక చిన్న గోడౌన్‌లా చూడమని యాప్ అడుగుతోంది. వాల్వు తీసినా, తిరిగి పెట్టినా ఎక్కించాలి. ప్రస్తుతానికి ఒక్క బండితో మొదలుపెట్టాం. నిన్న వెళ్లి లెక్కపెడితే యాప్‌లో బాల్ వాల్వులు మూడు, బండిలో ఏడు.