గుంటూరాయన మిర్చి కొట్టులో పడిపోయిండట

గుంటూరులో పుట్టి పెరిగినవాణ్ణి వరంగల్లో మిరపకాయలు కొనుక్కురమ్మంటే ఎలా ఉంటుంది? మా అక్కకి ఇలాంటివి పట్టవు. గోల్కొండ ఎక్స్‌ప్రెస్ దిగి హనుమకొండ నయీంనగర్‌లో వాళ్లింటికి చేరానో లేదో, మర్నాడు పొద్దున్నే చేతిలో చీటీ పెట్టింది. బ్యాంకులో పాస్‌బుక్ ప్రింటు, బావకి బీపీ మాత్రలు, ఆవకాయలోకి చపాటా కాయలు. "మన కాయలకి ఆ ఎరుపు ఎక్కడిదిరా" అని పైగా ఓ మాట. నిజమే, పొట్టిగా బొద్దుగా ఉండే ఈ కాయల్ని టమాటా మిర్చి అని కూడా అంటారు. రంగు దండిగా దిగుతుంది, కారం తక్కువ. 2025లో ఈ ప్రాంతపు పంట అని చెప్పే జీఐ గుర్తింపు కూడా వచ్చింది. కారం తక్కువన్న సంగతి మాత్రం గుర్తుంచుకోండి.

బ్యాంకులో ప్రింటు మిషన్ పనిచెయ్యట్లేదు, క్యూలో నిలబడి కాళ్లు లాగేశాయి. అక్కణ్ణుంచి వరంగల్ వైపు షేర్ ఆటో. ఎక్కేటప్పుడు ఒక రేటు, దిగేటప్పుడు ఇంకో రేటు. మే నెల ఎండ. మా ఊళ్లో అయితే చొక్కా తడిసి ఒంటికి అతుక్కుంటుంది, ఎండ దెబ్బ అప్పుడే తెలుస్తుంది. ఇక్కడ పొడి వేడి. చెమట పట్టింది పట్టినట్టే ఆరిపోతుంది, ఒంట్లో నీళ్లు పోతున్నట్టే అనిపించదు.

బీట్‌బజార్‌లో మిర్చి కొట్టు ముందు మళ్లీ నిలబడ్డాను. పెళ్లివాళ్లెవరో బస్తాలకి బస్తాలు తూయిస్తున్నారు. ముందు చెవుల్లో హోరు. తర్వాత బోర్డు మీద అక్షరాలు మసకబారాయి. బస్తాని పట్టుకుందామని చెయ్యి చాపాను. అంతే.

కళ్లు తెరిస్తే చుట్టూ మొహాలు. ఒకాయన నా గుప్పిట్లో తాళాలు కుక్కుతున్నాడు. ఇంకొకాయన ఉల్లిపాయ తెమ్మని అరుస్తున్నాడు. "లేపి కూసోబెట్టుండ్రి" అని ఎవరో అంటుంటే ఒకమ్మాయి గట్టిగా కసిరింది: "కూసోబెట్టొద్దు! పండుకోనియ్యుండ్రి, కాళ్లు మీదికి లేపుండ్రి." నోట్లో నీళ్లు పొయ్యబోతున్నవాడి చేతిలోంచి సీసా లాక్కుంది. నర్సింగ్ చదువుతోందట. ఎండలో కదలకుండా నిలబడితే రక్తం కాళ్లలోకి దిగిపోయి మెదడుకి చాలదనీ, పడుకోబెడితే మళ్లీ అందుతుందనీ చెబుతూనే నా కాళ్ల కింద ఒక మిర్చి బస్తా పెట్టించింది. తల ఎక్కడన్నా తగిలిందా, ఛాతీలో నొప్పి ఉందా, షుగర్ ఉందా అని వరసగా అడిగింది. అన్నిటికీ లేదన్నాను.

నిమ్మకాయలమ్మే ముసలమ్మ వంతు తర్వాత. "పొద్దుగాల ఏమన్న తిన్నవా బిడ్డా?"

"ఉప్మా."

"ఉప్మా తింటె ఎంతసేపు ఆగుతది!" అని ఉప్పేసిన సల్ల తెప్పించింది. నేను లేవబోయినప్పుడల్లా భుజం పట్టి నొక్కింది. "ఏ ఊరు?" అంది.

గుంటూరన్నాను. అనకుండా ఉండాల్సింది, కానీ అబద్ధమాడే ఓపిక ఎక్కడిది? ఒక్క క్షణం అందరూ ఆగారు. తర్వాత వెనకనుంచి ఎవడో, "గుంటూరాయనకే మన మిర్చి ఘాటెక్కింది రా!" బజారంతా నవ్వు.

నాకు మండిపోయింది. సీజన్లో మా గుంటూరు మిర్చి యార్డు దారిన బస్సు వెళ్తుంటే పక్క ఊళ్లవాళ్లు ముక్కుకి తువ్వాలు అడ్డం పెట్టుకుని దగ్గుతారు, మేం పల్లీలు తింటూ కూర్చుంటాం. అలాంటిది, కారమే లేని కాయకి పడిపోతానా? ఇది చపాటా, ఘాటుండదని మీరే చెబుతారు కదా, నాది ఎండదెబ్బ అని పడుకునే వాదించాను. కాళ్లు బస్తా మీద పెట్టుకుని వాదించేవాడి మాట ఎవరు వింటారు? ఒక కుర్రాడైతే ఫోన్లో వీడియో కూడా తీశాడు.

నర్సింగమ్మాయి నా ఫోన్‌తోనే అక్కకి చెప్పింది. బావ బండి మీద వచ్చేసరికి హమాలీలు ఆయనకి కథంతా నటించి చూపించారు. దారిలో క్లినిక్‌లో బీపీ చూపించుకున్నాం. తగ్గిందన్నారు, ఓఆర్ఎస్ ప్యాకెట్ లీటరు నీళ్లలో కలుపుకుని తాగమన్నారు. మాత్రలు బావే కొనుక్కున్నాడు, ఆయన మాత్రలు ఆయనకి.

అన్నట్టు, కొట్టాయన పరామర్శించాడే కానీ రేటు ఒక్క రూపాయి తగ్గించలేదు. సరికదా, నేను మీద పడ్డప్పుడు నలిగిన కాయల్ని కూడా మా సంచీలోనే తూచాడు. ఇంటికొచ్చాక అక్క సంచీ విప్పి చూసి, "చూసి తీసుకోవద్దూ, అన్నీ తొడిమలూడిపోయాయి" అంది.