నాన్నగారితో రాజమండ్రి: మ్యూజియాలు, భోజనాలు, రెండు రోజులు

మా ఊరు కొత్తపేట దగ్గర. ఆసుపత్రికైనా, పెళ్ళి బట్టలకైనా, రైలెక్కడానికైనా మాకు రాజమండ్రే దిక్కు. ఇన్నేళ్ళుగా వెళ్తూ వస్తూ ఉన్నా అక్కడి మ్యూజియాలలో ఒక్కదానిలోనూ అడుగు పెట్టలేదన్న సంగతి నిరుడు సంక్రాంతికి అందరం కూర్చుని మాట్లాడుకుంటూ ఉండగా బయటపడింది. నాన్నగారికి డెబ్బయి ఆరేళ్ళు. జీవితమంతా వరి పండించిన మనిషి. కాలువ నీళ్ళ మీద బతికిన ఆయన ఆ నీళ్ళ పుట్టుక చెప్పే చోటును చూడకపోవడం నాకు బాధ అనిపించింది. రెండో పంట దాళ్వా నాట్లు ముగిసి కొంచెం తీరిక దొరికిన వారంలో ఆయనను వెంటబెట్టుకుని రెండు రోజులకు బయలుదేరాను.

హైవే మీద నుంచి వెళ్తే త్వరగా చేరవచ్చు గానీ, రావులపాలెం దాటాక ఆత్రేయపురం వైపు తిరిగి, కాలువ గట్టు వెంట బొబ్బర్లంక మీదుగా వెళ్ళాలని నాన్నగారు కోరారు. ఆ దారే మంచిదని ఇప్పుడు అందరికీ చెబుతున్నాను. పొద్దున్నే ఆత్రేయపురంలో ఆగితే పూతరేకులు తీయడం చూడవచ్చు. ఒక ఇంటి అరుగు మీద పొయ్యిపై బోర్లించిన కుండ ఉంది. కింద ఎండు కొబ్బరాకులు మండుతున్నాయి. ఆవిడ పల్చటి బియ్యప్పిండి నీళ్ళలో గుడ్డను ముంచి, కుండ వీపు మీద ఒక్క ఊపున అటు నుంచి ఇటు లాగారు. గుడ్డ అవతలి అంచు దాటేలోపే పిండి ఎండి, కుండకు తెల్లటి పొర అంటుకుని కనిపించింది. దాన్ని గోటితో అంచున లేపి, చిరగకుండా విప్పి పక్కన పేర్చారు. మేము చూస్తున్న పది నిమిషాలలో ఆవిడ చెయ్యి ఒక్కసారి కూడా తడబడలేదు. పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. నాకు మాత్రం ఆ గుర్తింపు రావలసింది ఆ చేతికే అనిపించింది. నేతిలో తడిపి బెల్లప్పొడి చల్లి మడిచిన రేకు నోట్లో పెట్టుకుంటే నమలాల్సిన పనే ఉండదు కాబట్టి, పళ్ళు సరిగా లేని నాన్నగారు నిశ్చింతగా రెండు తిన్నారు.

బొబ్బర్లంక నుంచి బ్యారేజీ మీదుగా ధవళేశ్వరం చేరుకుంటాం. మొత్తం 175 గేట్లు ఉన్న ఈ బ్యారేజీ ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అనే నాలుగు భాగాలుగా, నది మధ్యలోని దీవులైన లంకలను కలుపుకుంటూ సాగుతుంది. ఒక్క ధవళేశ్వరం భాగంలోనే 70 గేట్లు ఉన్నాయి. ఇప్పుడు మనం చూసే కట్టడం 1970లలో నిర్మాణం మొదలైనది. అంతకు ముందు ఉన్నది 1847లో పని మొదలుపెట్టి 1852లో పూర్తిచేసిన కాటన్ ఆనకట్ట. ఆ కథంతా ధవళేశ్వరంలోని కాటన్ మ్యూజియంలో ఉంది. దీనికి పూర్తిగా రెండు గంటలు కేటాయించమని నా సలహా.

ఆవరణలో ఆనాటి పాత యంత్రాలను నిలబెట్టి ఉంచారు. లోపల నమూనాలు, ఛాయాచిత్రాలు, పటాలు ఉన్నాయి. సర్ ఆర్థర్ కాటన్ 1803లో పుట్టి 1899లో కన్నుమూశాడు. గోదావరికి రాకముందే తంజావూరు ప్రాంతంలో కొల్లడం నది మీద ఆనకట్టలు కట్టి, కావేరి మీద చోళుల నాటి కల్లణై ఆనకట్ట ఇసుకలో ఎలా నిలిచిందో దగ్గరగా చూసి నేర్చుకున్నవాడు. గోదావరి అడుగున రాతి పొర దొరకదు, ఉన్నదంతా ఇసుకే. దాని మీద ఎత్తయిన గోడ నిలబడదు కనుక, నూతుల్లాంటి పునాదులు దింపి, వాటి మీద తక్కువ ఎత్తులో కట్టడం లేపి, వరద నీరు పైనుంచి దూకి అడుగును తొలిచివేయకుండా కింది వైపు వెడల్పుగా రాళ్ళు పరిచారు. అందుకు కావలసిన రాయి పక్కనే ఉన్న ధవళేశ్వరం కొండది. ఆ రాయిని మోయడానికి పట్టాలు వేసి బళ్ళు నడిపారు. పనివాళ్ళను కూడగట్టి, నదిని ఎరిగిన మనిషిగా కాటన్‌కు కుడిభుజంగా నిలిచిన వీణం వీరన్న గారిని కూడా ఇక్కడ తలుచుకోవాలి. మా వైపు కాటన్ విగ్రహం లేని ఊరు అరుదు గానీ, వీరన్న పేరు తెలిసినవాళ్ళు తక్కువ.

నమూనా ముందు నాన్నగారు చాలాసేపు నిలబడ్డారు. తూర్పు డెల్టా, మధ్య డెల్టా, పశ్చిమ డెల్టా కాలువలు ఎక్కడ నుంచి విడిపోతున్నాయో వేలితో చూపిస్తూ, "అమ్మాయ్, మన కాలువ ఏదో చూపించు" అన్నారు. మధ్య డెల్టా కాలువను చూపించాను. ఆయన దాని వెంబడే వేలు నడిపించి, మా ఊరు ఉండవలసిన చోట ఆపారు. పటంలో అక్కడ ఏమీ రాసి లేదు. అయినా ఆ వేలు అక్కడే కాసేపు ఉండిపోయింది. తరువాత వాళ్ళ తాతగారు చెప్పిన మాటలు చెప్పడం మొదలుపెట్టారు. నందన కరువు గురించి ఆయన చిన్నప్పుడు విన్న కథలు నాకు అంతకు ముందు ఎప్పుడూ చెప్పలేదు. 1833 నాటి ఆ కరువు, 1839లో కోరంగిని ముంచిన ఉప్పెన, ఇవి రెండూ గోదావరి ప్రాంతాన్ని ఖాళీ చేసిన తరువాతే ఆనకట్ట ఆలోచనకు బలం వచ్చింది. వర్షం లేక ఒక ఏడు, నీళ్ళు ఎక్కువై ఒక ఏడు చచ్చిన నేల ఇది. గోదావరి స్నానం చేసేటప్పుడు కాటన్‌ను భగీరథుడిగా స్మరించే శ్లోకం ఒకటి ఈ ప్రాంతంలో పుట్టిందంటే, అది మర్యాద కోసం చెప్పుకున్న మాట అయి ఉండదు.

అక్కడి నుంచి ఊళ్ళోకి వచ్చేసరికి ఒంటిగంట దాటింది. పెద్ద హోటళ్ళలో ఒకదానిలో "గోదావరి భోజనం" అని బోర్డు చూసి ఇంతకు ముందు ఒకసారి వెళ్ళి, కూరలన్నిటిలోనూ ఒకే మసాలా రుచి తగిలి నిరాశపడ్డాను. అందుకని ఈసారి అరిటాకు వేసి వడ్డించే చిన్న మెస్సునే వెతుక్కున్నాను. రాజమండ్రిలో ఇలాంటివి వీధికొకటి దొరుకుతాయి. బయట చెప్పులు ఎక్కువ కనిపించిన చోటికి వెళ్తే సరిపోతుంది. ఆకులో ముద్దపప్పు, ఆవకాయ, కంద బచ్చలి కూర, దోసకాయ పచ్చడి, పులుసు, గడ్డపెరుగు వడ్డించారు. కంద బచ్చలి గురించి ఒక మాట చెప్పాలి. కందను మరీ మెత్తగా ఉడికిస్తే ముద్దయిపోతుంది, తక్కువగా ఉడికిస్తే గొంతు దురద పెడుతుంది. చింతపండు పులుపు ఆ దురదను అణచివేస్తుంది. చివర్లో దించేముందు కాదు, దించి కాస్త చల్లారాక ఆవపిండి కలిపితేనే ఆ ఘాటు ముక్కుకు తగులుతుంది. ఇక్కడి వంటమనిషికి ఆ సంగతి తెలుసు. నాన్నగారు అన్నం మెతుకులు నొక్కి చూసి "స్వర్ణే" అన్నారు, మా వైపు పండే వరి రకం అది. పొద్దున చూసిన నమూనాలో మా కాలువను చూపే సన్నటి నీలిగీత ఆకులోకి వచ్చి చేరినట్టు నాకు తోచింది.

మధ్యాహ్నం రాళ్ళబండి సుబ్బారావు ప్రభుత్వ మ్యూజియానికి వెళ్ళాము. పురాతన శిల్పాలు, నాణేలు, కుండలు, తాళపత్రాలు ఉన్న చోటు ఇది. రాళ్ళబండి సుబ్బారావు గారు ఈ ఊరి చరిత్ర కోసం పాటుపడిన పరిశోధకులు. రాజరాజ నరేంద్రుడి పట్టాభిషేకం 1022లో జరిగింది. దానికి తొమ్మిది వందల ఏళ్ళు నిండిన 1922లో ఈ ఊళ్ళోనే ఆంధ్రేతిహాస పరిశోధక మండలి ఏర్పడింది. నన్నయ భారతం తెనిగించింది ఆ రాజు కొలువులోనే కనుక, ఈ నేల మీద నిలబడి పాత తెలుగు అక్షరాలను చూడడంలో ఒక ప్రత్యేకమైన ఆనందం ఉంది. తాళపత్రాలను మాత్రం వంగి, దగ్గరగా చూడండి. ఇనుప గంటంతో ఆకు మీద గీరిన గీతలు మొదట కంటికి ఆనవు, మసి పూసి తుడిచాకే అక్షరం నల్లగా తేలుతుంది. అడ్డగీత గట్టిగా గీస్తే ఆకు నారల వెంట చీలుతుంది కాబట్టి మన అక్షరాలు గుండ్రంగా తిరిగాయని పెద్దలు చెప్పే మాట అక్కడ చూస్తే నమ్మబుద్ధి అవుతుంది. గంటసేపు చాలు. శిల్పాల మీద ఆసక్తి ఉన్నవారు మరికొంతసేపు ఉండవచ్చు.

సాయంత్రం గోదావరి గట్టున కూర్చున్నాము. ఎదురుగా 1900లో ప్రారంభమై, 1997లో రైళ్ళు ఆగిపోయిన హావ్‌లాక్ వంతెన కనిపిస్తూ ఉంది. ముంతకింద పప్పు అమ్మే మనిషి బుట్ట మీద నిప్పుల ముంత పెట్టుకుని వచ్చాడు. ఆ ముంతను ఎత్తి, కింద వెచ్చగా ఉన్న అటుకులు, పప్పులు గిన్నెలోకి తీసి, ఉల్లిపాయ, పచ్చిమిర్చి, కారం వేసి, నిమ్మకాయ పిండి కాగితంలో కట్టి ఇచ్చాడు. చలికాలం సాయంత్రాలకు దీనికి మించిన తిండి నాకు తెలియదు.

రెండో రోజు పొద్దున్న ఒక టిఫిన్ సెంటరులో దిబ్బరొట్టె దొరికింది. మూకుట్లో మూతపెట్టి సన్నటి సెగ మీద కాల్చిన మినపరొట్టె అది. అడుగు ఎర్రగా కరకరలాడుతూ, మధ్యలో దూదిలా ఉంది. కొబ్బరి పచ్చడి బదులు చెరకు పానకం అడగండి, చాలా చోట్ల ఉంటుంది. దానితో తింటేనే దిబ్బరొట్టె తిన్నట్టు.

ఆ తరువాత దామెర్ల రామారావు చిత్రశాల. రెండు రోజుల మొత్తంలో నేను ఎక్కువ సమయం గడిపింది ఇక్కడే. ఇకముందు ఎవరైనా రాజమండ్రిలో ఒక్క పూట మాత్రమే ఉందంటే ఇక్కడికే పంపిస్తాను. రామారావు 1897లో ఈ ఊళ్ళోనే పుట్టాడు. రాజమండ్రి కళాశాల ప్రిన్సిపాలు ఆస్వాల్డ్ కూల్డ్రే అతనిలోని ప్రతిభను గుర్తించి ప్రోత్సహించాడు. బొంబాయి జె.జె. చిత్రకళాశాలలో చదువుకుని, తిరిగి వచ్చి, ఇక్కడే చిత్రకళాశాల నెలకొల్పి, మశూచి సోకి 1925 ఫిబ్రవరిలో, ఇరవై ఎనిమిదేళ్ళు నిండకుండానే పోయాడు. భార్య సత్యవాణి, చెల్లెలు బుచ్చికృష్ణమ్మ కూడా చిత్రకారిణులే. అతను పోయాక ఆ బడి ఆగిపోకుండా మిత్రుడు వరదా వెంకటరత్నం ముందుకు నడిపాడు.

పుష్పాలంకరణ, సిద్ధార్థ రాగోదయం లాంటి చిత్రాల పేర్లు చదివి ఉన్నాను గానీ, ముందు నిలబడినప్పుడు తెలిసింది వేరు. మనిషి ఒంటి అంచును ఒకే గీతతో, చెయ్యి ఎత్తకుండా గీసినట్టు ఉంటుంది. రంగు పల్చగా, గీత దాటకుండా ఆగుతుంది. కొంగు, జడ, మెడ వంపు, వీటిలో మా ఇళ్ళలోని ఆడవాళ్ళ తీరే కనిపించింది. పూలు తురుముకునే చేతుల దగ్గర ఆగి, వేళ్ళ మధ్య సందులను ఎంత జాగ్రత్తగా వదిలాడో చూశాను. పెన్సిలుతో వేసిన చిన్న చిన్న రేఖాచిత్రాల దగ్గర నాకు గొంతు పట్టేసింది. ఇన్ని గీతలు గీసిన చేతికి ఇరవై ఎనిమిదేళ్ళు కూడా లేవు. అక్కడ ఉన్నంతసేపు లోపలికి వచ్చినవాళ్ళు మాతో కలిపి ఐదుగురే. ఇది మన ఊరి గోడ మీద ఉన్న సొత్తు. పిల్లలను బీచికి తీసుకువెళ్ళినట్టే ఇక్కడికీ తీసుకురావాలి.

దగ్గరలోనే కందుకూరి వీరేశలింగం గారి ఇల్లు ఉంది. 1881 డిసెంబరు 11న ఆంధ్ర ప్రాంతంలో మొదటి వితంతు వివాహం జరిపించిన మనిషి ఇల్లు. లోపల చూడవలసినవి తక్కువే గానీ, ఆ గదులలో నిలబడితే ఆ రోజు వీధిలో ఎంత గొడవ జరిగి ఉంటుందో ఊహకు వస్తుంది. రాజ్యలక్ష్మమ్మ గారు ఆ పెళ్ళికి వంటవాళ్ళు రాకపోతే తానే వంట చేశారని మా అమ్మ చెప్పేది.

మెయిన్ రోడ్డు మీద రోజ్‌మిల్క్ తాగకుండా ఈ ఊరు వదలకూడదు. చిక్కటి పాలు, ఎక్కువ తీపి లేని గులాబీ వాసన, గాజు గ్లాసు. నిలబడే తాగాలి.

వెళ్ళేవారు ఒక్క విషయం గుర్తుంచుకోండి. ఏ మ్యూజియానికి ఏ రోజు సెలవో ముందే ఫోను చేసి కనుక్కోండి. నేను ఒకసారి కనుక్కోకుండా బయలుదేరి తాళం చూసి వెనక్కి వచ్చాను.

తిరుగు ప్రయాణంలో బొబ్బర్లంక దగ్గర కారు ఆపమన్నారు నాన్నగారు. మధ్య డెల్టా కాలువ తల దగ్గర, గేట్ల కింద నుంచి నీళ్ళు సుడి తిరిగి బయటికి వస్తున్నాయి. ఆయన రెయిలింగు పట్టుకుని వంగి చూశారు.

"ఎండాకాలం కాలువ కట్టేశాక ఇంకోసారి రావాలి అమ్మాయ్," అన్నారు, "అడుగు చూడొచ్చు."