కోటు పట్టీ

ఫిబ్రవరిలో మా పిన్ని కొడుకు నేనుండే ఊరికి, రష్యాలోని నీజ్నీ నోవ్‌గొరద్‌కి వస్తున్నాడు. "అన్నయ్యా, ఏమేం జాగ్రత్తలు తీసుకోవాలో రాసి పెట్టు" అన్నాడు. వీసా, డబ్బు, చలి గురించి రాద్దామని కూర్చుంటే చెయ్యి ముందు రాసింది వేరే: కోటు కాలర్ లోపల తగిలించే పట్టీ గట్టిగా ఉందో లేదో చూసుకో.

వాడు నవ్వుతాడని తెలుసు.

మందుల కంపెనీ పని మీద నేను వారానికి మూడు నాలుగు ఆసుపత్రులు తిరుగుతాను. ఇక్కడ ఆసుపత్రి, థియేటర్, మ్యూజియం, ఎక్కడికెళ్లినా ముందు కోటు విప్పి గార్దెరోబ్‌లో ఇవ్వాలి. గుడి ముందు చెప్పులకిచ్చినట్టే నంబరు బిళ్ల ఇస్తారు. ఆసుపత్రిలో అయితే బూట్లకు నీలం ప్లాస్టిక్ తొడుగులు కూడా. నా మొదటి చలికాలంలో ఒకరోజు అక్కడి పెద్దావిడ నా కోటు కొక్కేనికి తగిలించబోయింది. పట్టీ తెగి ఉంది. కోటు కౌంటర్ మీద పడేసి, వెనక పదిమంది వింటుండగా "మలదోయ్ చెలవేక్!" అని అందుకుంది. మాటకు అర్థం "అబ్బాయీ" అనే, గొంతు మాత్రం మా లెక్కల మాస్టారిది. మిగతాది సగమే అర్థమైంది. ఆ సగంలో "ఇంట్లో సూదీ దారం లేవా?" అన్నది ఉంది.

పైన డాక్టర్ల దగ్గర కూర్చున్న మూడు గంటలూ అదే మంట. మన దగ్గర ఏ ఆఫీసులోనైనా అటెండర్ ఇలా మాట్లాడతాడా? సార్ అంటూ లేచి నిలబడతాడు. (నిలబడే రేపు రమ్మంటాడు, అది వేరే సంగతి.) గుంటూరులో ముప్పై ఏళ్లు బతికినవాణ్ణి, పెళ్లి రిసెప్షన్‌కి తప్ప కోటు ఎరగను. దానికో పట్టీ ఉంటుందని, అది తెగడం నేరమని నాకెవరు చెప్పారు?

కిందికొచ్చి బిళ్ల ఇచ్చాను. కోటు తెచ్చింది. పట్టీ కుట్టి ఉంది. నల్ల కోటుకి గోధుమరంగు దారం, నాలుగైదు వరసలు. రెండు వందల రూబుళ్లు తీసి ఇవ్వబోతే నా చెయ్యి తోసేసి మళ్లీ కోప్పడింది. ఈసారి "టోపీ ఏదీ?" అని.

ఆవిడ రోజూ మోసేవి వందల కోట్లు (డబ్బు కాదు). ఒక్కోటి తడిసిన దుప్పటంత బరువు. పట్టీ లేనిది జారి కిందపడితే తీసి మళ్లీ తగిలించాల్సింది ఆవిడే. ఇది నాకు తట్టడానికి ఇంకో చలికాలం పట్టింది. అయినా అంతమందిలో అనకుండా ఉండాల్సిందనే ఇప్పటికీ అనిపిస్తుంది.

సరే, తమ్ముడూ, మిగతావి. 2022 మార్చి నుంచి మన వీసా కార్డులు, మాస్టర్‌కార్డులు ఇక్కడ పనిచెయ్యవు. నలగని డాలర్లో యూరోలో నోట్లుగా తెచ్చుకో. దిగగానే ఇచ్చే మైగ్రేషన్ కార్డు పారేసుకోకు. మాస్కో నుంచి రైల్లో నాలుగు గంటలు. టికెట్ మీద పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే ఉండాలి. నువ్వు మాంసం తినవు కాబట్టి ఇది గుర్తుంచుకో: "మాంసం లేదు" అన్నారంటే ముక్కలు లేవని, సూప్ కాచింది ఎముకలతోనే కావచ్చు. "పోస్ట్‌నయె" అని అడుగు. అది వీళ్ల ఉపవాసపు తిండి, మాంసం, పాలు, గుడ్లు ఉండవు. ఏదీ లేకపోతే గ్రేచ్కా (ఉడికించిన బక్‌వీట్ గింజలు) ఉంటుంది, మనం తెచ్చుకునే ఆవకాయతో బాగానే దిగుతుంది. గోడవారగా నడవకు, పైకప్పుల నుంచి ఐసు కడ్డీలు పడతాయి. ఓల్గా నది మీదుగా బోర్ ఊరికి 2012లో వేసిన కేబుల్ కారు ఎక్కిస్తాను. మూడున్నర కిలోమీటర్లకు పైనే. కింద గడ్డకట్టిన నది మీద చేపలు పట్టేవాళ్లు చీమల్లా కనిపిస్తారు.

మొన్న అదే ఆసుపత్రికి వెళ్లాను. కోటు ఇస్తే ఆవిడ తగిలించకుండా కాలర్ తిప్పి, తన కుట్టు వేలితో రెండుసార్లు లాగి చూసుకుంది. తర్వాత నా తల వైపు చూసింది. టోపీ జేబులో ఉందని చూపించాను.