స్ట్రాట్‌ఫర్డ్ దీపాల మధ్య సురభి ముచ్చట

దీపావళి అయిపోయి, సంక్రాంతి ఇంకా రాని డిసెంబర్ నెల మా ఇంట్లో కాస్త వెలితిగా ఉంటుంది. బడిలో క్రిస్మస్ పాటలు, వీధి పొడవునా అలంకరించిన ఇళ్లు. "మనమెందుకు చెట్టు పెట్టుకోం అమ్మా?" అని మా చిన్నాడు ఏటా అడుగుతాడు. మా స్నేహితుల్లో చెట్టు పెట్టేవాళ్లూ ఉన్నారు, పెట్టనివాళ్లూ ఉన్నారు. ఎవరి ఇష్టం వాళ్లది. నాకు మాత్రం ఇది మీ పండగా, మా పండగా అనే ప్రశ్న లేకుండా ఊరంతా కలిసి చూసే వెలుగులు ఎక్కడైనా ఉంటే బాగుండు అనిపించేది. కెనడాలోని కిచెనర్‌లో మా ఇంటి నుంచి ముప్పావు గంట దూరంలో ఉన్న స్ట్రాట్‌ఫర్డ్‌లో ఆ కోరిక తీరింది.

ఒంటారియోలో నాటకాలంటే అందరికీ గుర్తొచ్చే ఊరు అది. దారిలో షేక్‌స్పియర్ అని ఓ చిన్న పల్లె వస్తుంది. బోర్డు చూడగానే మా అమ్మాయి "వచ్చేశామా?" అంది. ఇంకాస్త ముందుకెళ్లాలి. నాటకాలు వసంతంలో మొదలై శరదృతువు దాకా ఆడతారు. చలికాలంలో థియేటర్లు మూసే ఉంటాయి. 2020లో కోవిడ్ వల్ల నాటకాలు మొత్తంగా రద్దయ్యాయి. ప్రేక్షకులనే నమ్ముకున్న హోటళ్లు, దుకాణాలు దిక్కుతోచక ఉన్న ఆ ఏడాది డిసెంబర్‌లోనే 'లైట్స్ ఆన్ స్ట్రాట్‌ఫర్డ్' అనే దీపాల పండగ మొదలైంది. టికెట్ లేదు, ఎవరైనా వచ్చి చూడొచ్చు.

ఐదు కాకముందే చీకటి పడుతుంది కాబట్టి చిన్నపిల్లలతో వెళ్లడం తేలిక. పిల్లలకు ముందే అన్నం పెట్టి, రెండు జతల సాక్సులు తొడిగి బయల్దేరితే చాలు. సిటీ హాల్ దగ్గరున్న మార్కెట్ స్క్వేర్‌లో కాసేపు ఆగి, ఏవన్ నది వైపు నడిచాం. హంసలు కనబడతాయని చిన్నాడు ఎదురుచూశాడు. చలికాలమంతా వాటిని వేరే చోట ఉంచి, ఏప్రిల్ మొదట్లో ఊరేగింపుగా తెచ్చి నదిలో వదులుతారని చెబితే మొహం చిన్నబుచ్చుకున్నాడు. టామ్ ప్యాటర్సన్ దీవికి వెళ్లే చిన్న వంతెన దాటగానే అదంతా మర్చిపోయాడు. మంచు మీద ఒకచోట ఎర్రటి వెలుగు పడుతోంది. గ్లవ్ తీసేసి ఆ ఎరుపు మీద అరచేయి ఆనించి, "ఇది కూడా చల్లగానే ఉంది!" అన్నాడు ఆశ్చర్యంగా. పక్కనే ఉన్న నీలం మీదా పెట్టి చూశాడు. వేళ్లు కొంకర్లు పోతున్నా చేయి తీయడే!

తిరిగొస్తూ ఫెస్టివల్ థియేటర్ మీదుగా వచ్చాం. పైకప్పు అలా ఎందుకుందని అమ్మాయి అడిగింది. ఈ ఊళ్లో ఒకప్పుడు రైలింజన్లు బాగుచేసే షెడ్లే చాలామందికి బతుకుతెరువు. ఆవిరి ఇంజన్ల కాలం వెళ్లిపోతోందని తెలిశాక, ఈ ఊరివాడే అయిన టామ్ ప్యాటర్సన్ అనే జర్నలిస్టు షేక్‌స్పియర్ నాటకాలు ఆడదామని పట్టుబట్టాడు. 1953 జులైలో పెద్ద గుడారం వేసి మొదటి నాటకం ఆడారు. 1957లో కట్టిన ఈ థియేటర్ ఆ గుడారాన్ని గుర్తుచేసేలా ఉంటుంది.

గుడారం అనేసరికి నాకు సురభి గుర్తొచ్చింది. కడప జిల్లా సురభి గ్రామంలో 1885లో వనారస గోవిందరావు గారు మొదలుపెట్టిన నాటక సమాజం. ఇంటిల్లిపాదీ నటులే. గుడారాలు వేసుకుని ఊరూరా ఆడేవాళ్లు. చిన్నప్పుడు మా నాన్నగారు తీసుకెళితే వాళ్ల మాయాబజార్ చూశాను. ఘటోత్కచుడు గాల్లో తేలుతూ వచ్చినప్పుడు కుర్చీ చేతులు గట్టిగా పట్టుకున్నాను. బాణాలు స్టేజీ మధ్యలో ఢీకొంటే నిప్పురవ్వలు రాలాయి. ఇదంతా చెబుతుంటే కారు దాకా ప్రశ్నలే. నిజం నిప్పేనా? బాణాలకు తీగలు కట్టారా? 1885, 1953 అని లెక్కేసుకుని, "అయితే మనవాళ్లే ఫస్ట్!" అంది అమ్మాయి. పోటీ కాదమ్మా, వాళ్లూ వీళ్లూ గుడారంలో జనాన్ని కూర్చోబెట్టి కథ చెప్పినవాళ్లే అన్నాను.

ఆదివారం తెలుగు క్లాసు మా పిల్లలకు అక్షరాలు, పద్యాలు నేర్పింది, దాన్ని నేను మానిపించను. కానీ మన సంగతులన్నీ ఆ ఒక్క గంటలోనే చెప్పాలనుకుంటే పాఠంలానే మిగిలిపోతాయి. ఇక్కడిది ఏదైనా చూసి పిల్లల కళ్లు మెరిసినప్పుడు, వాళ్లే ఏదో అడిగినప్పుడు చెబితే ఎంత ఇష్టంగా వింటారో! "ఇదేం గొప్ప, మన దగ్గరైతేనా..." అని మొదలుపెడితే మాత్రం అక్కడే ముడుచుకుపోతారు. వాళ్లకు ఇది కూడా సొంత ఊరే కదా.

మర్నాడు బేస్‌మెంట్‌లో దుప్పట్లతో గుడారం వెలిసింది. చిన్నాడు ఘటోత్కచుడు, అక్క టార్చిలైటు పట్టింది. వీడియో కాల్‌లో చూసిన మా నాన్నగారు గద పట్టుకోవడం అలా కాదని లేచి నిలబడి చూపించారు. వేసవిలో ఆయన వస్తున్నారు. స్ట్రాట్‌ఫర్డ్‌లో ఏ నాటకానికి వెళ్లాలో అమ్మాయే వెతుకుతోంది. తాతయ్యకు ముందుగా కథ తనే తెలుగులో చెబుతుందట.