ఒక్కరోజు మలక్కా: ఎర్ర చౌరస్తా దగ్గరే ఆగిపోకండి

సింగపూర్ నుంచి మలేసియాలోని పాత రేవు పట్టణం మలక్కా వెళ్లొచ్చిన మనవాళ్ల ఫోటోలు చూస్తే దాదాపు అన్నీ ఒకేలా ఉంటాయి. ఎర్ర చౌరస్తాలోని చర్చి ముందు నిలబడి ఒకటి, బొమ్మలతో పూలతో అలంకరించిన రిక్షాలో కూర్చుని ఒకటి, జాంకర్ స్ట్రీట్ మొదట్లో ఒకటి. రానూపోనూ ఏడెనిమిది గంటలు ప్రయాణం చేసి, ఆరు గంటలు కూడా లేని సమయంలో సగం ఆ చౌరస్తాలోనే ఒలకబోసుకోవడం చూస్తే బాధేస్తుంది. సొంతంగా వ్యాన్ మాట్లాడుకుని వెళ్లేదే మనకి నచ్చిన చోట మనకి కావాల్సినంత సేపు ఉండటానికి కదా. అంత డబ్బూ పోసి డ్రైవర్ చూపించే మూడు చోట్లే చూసి వస్తే, బస్సులో వెళ్లినా సరిపోయేది.

మలక్కా 240 కిలోమీటర్ల దూరం. రోడ్డు మీద మూడు గంటల పని. ఆ రోజు ఎలా గడుస్తుందో తేల్చేది మాత్రం రోడ్డు కాదు, సరిహద్దు దాటే వంతెన. దారులు రెండు: 1924లో తెరిచిన ఉడ్‌లాండ్స్ కాజ్‌వే, 1998లో తెరిచిన టువాస్ సెకండ్ లింక్. మలక్కాకి టువాసే మేలు. సింగపూర్ పడమటి వైపు జురాంగ్, క్లెమెంటిలో ఉన్నవాళ్లకి దగ్గర, పైగా దిగగానే జొహోర్ బారు ఊళ్లో ఇరుక్కోకుండా నేరుగా హైవే ఎక్కేస్తాం. ఈశాన్యంలోని సెంగ్‌కాంగ్, పుంగ్గోల్ వాళ్లు కూడా చుట్టు తిరిగైనా టువాస్‌కే రావడం మంచిది. టోల్ కాస్త ఎక్కువే, కానీ కాజ్‌వే మీద గంటన్నర నిలబడిపోయాక ఆ నాలుగు డాలర్లు ఎవరికీ గుర్తుండవు.

వెళ్లే రోజు ఎంచుకోవడంలోనే సగం పని అయిపోతుంది. మామూలు పనిదినాల్లో లక్షల మంది మలేసియా నుంచి పొద్దున్నే సింగపూర్‌కి పనికొచ్చి, సాయంత్రం వెనక్కి వెళ్తారు. మనం వెళ్లేది సరిగ్గా దానికి ఎదురుదిశలో. కాబట్టి పొద్దున్నా ఖాళీయే, సాయంత్రమూ ఖాళీయే. శనివారం పొద్దున సింగపూర్ అంతా అటే పరిగెడుతుంది, ఆదివారం సాయంత్రం అంతా ఒక్కసారే తిరిగొస్తుంది. 2025 జనవరి నుంచి జొహోర్‌లో కూడా వారాంతం శని, ఆదివారాలకు మారింది కాబట్టి రెండు వైపుల సెలవులూ ఒకే రోజుల్లో పడుతున్నాయి. ఒక్క రోజు లీవు పెట్టి బుధ, గురువారాల్లో వెళ్లడమే నా సలహా. మంగళవారం వద్దు, జాంకర్ చుట్టుపక్కల చాలా దుకాణాలు ఆ రోజు మూసి ఉంటాయి. స్కూలు సెలవులు, చైనీస్ న్యూ ఇయర్ వారం అసలు ఆలోచించకండి.

వ్యాన్ మాట్లాడుకునేటప్పుడు అడగాల్సినవి కొన్ని ఉన్నాయి. మొదటిది లైసెన్స్. వాట్సాప్ గ్రూపుల్లో తక్కువ రేటుకి సొంత కారులో తీసుకెళ్తామనేవాళ్లు చాలామంది. ప్రయాణికుల్ని సరిహద్దు దాటించే బండికి రెండు దేశాల అనుమతులూ ఉండాలి. లేకపోతే సింగపూర్ రవాణా సంస్థ ఎల్‌టీఏ తనిఖీలో బండినే స్వాధీనం చేసుకోవచ్చు. అప్పుడు పిల్లలతో, సామాన్లతో చెక్‌పోస్ట్ దగ్గర రోడ్డున పడేది మనమే. రెండోది గంటల లెక్క. పన్నెండు గంటల ప్యాకేజీ అని చెప్తారు. వినడానికి బాగానే ఉంటుంది, కానీ మన ఇంటి ముందు బండి ఆగిన క్షణం నుంచి లెక్క మొదలవుతుంది, వంతెన మీద ఆగిన సమయం కూడా అందులోదే. ఐదున్నరకి బయల్దేరితే పన్నెండు గంటలు సాయంత్రం ఐదున్నరకి అయిపోతాయి, అంటే మలక్కా నుంచి ఒంటిగంటన్నరకే లేవాలి. ఇది ప్రయాణికులకి చెప్పకుండా చివర్లో గంటకి ఇంత అని అదనంగా వసూలు చేసే పద్ధతి నాకు అస్సలు నచ్చదు. ముందే పదిహేను గంటలకి ధర మాట్లాడుకోండి. టోల్, పార్కింగ్, డ్రైవర్ భోజనం అందులోనే కలిశాయా అని మెసేజ్‌లో రాయించుకోండి.

సొంత కారులో వెళ్లేవాళ్లకి వేరే లెక్కలు. ట్యాంకులో నాలుగింట మూడొంతులు పెట్రోలు ఉంటేనే సింగపూర్ దాటనిస్తారు. ముల్లు కొంచెం తగ్గినా వెనక్కి పంపడమే కాదు, 500 డాలర్ల వరకు జరిమానా. మలేసియా వైపు విదేశీ బళ్లకిచ్చే అనుమతి, వీఈపీ స్టిక్కర్ తప్పనిసరి. 2025 జులై నుంచి గట్టిగా అమలు చేస్తున్నారు, లేకపోతే 300 రింగిట్లు. టోల్‌కి టచ్ అండ్ గో కార్డు. అక్కడ పెట్రోలు పోయించుకోవాల్సి వస్తే ఆర్ఓఎన్ 97 రకం మాత్రమే, విదేశీ నంబరు ప్లేటు బండికి 95 పోయకూడదు.

కాగితాల విషయంలో ఎక్కువ ఇబ్బంది పడేది ఊరి నుంచి వచ్చిన అమ్మానాన్నల్ని తీసుకెళ్లేవాళ్లు. వాళ్ల సింగపూర్ వీసా మల్టిపుల్ ఎంట్రీనా కాదా చూసుకోండి. సింగిల్ అయితే వెళ్లడం సులువే, తిరిగి రావడమే కుదరదు. వాళ్లు తిరిగొచ్చేటప్పుడు సింగపూర్ ఆన్‌లైన్ ప్రవేశ ఫారం, ఎస్‌జీ అరైవల్ కార్డు మళ్లీ నింపాలి. ఉద్యోగ పాస్ (ఈపీ), కుటుంబ పాస్ (డీపీ), శాశ్వత నివాసం (పీఆర్) ఉన్నవాళ్లకి రోడ్డు దారిలో అది అక్కర్లేదు. ఇండియన్ పాస్‌పోర్టుకి మలేసియాలో 2026 డిసెంబరు చివరి వరకు వీసా అక్కర్లేదు, కానీ వాళ్ల ఆన్‌లైన్ ప్రవేశ ఫారం ఎండీఏసీ నింపాలి. ప్రయాణానికి మూడు రోజుల ముందు నుంచి మాత్రమే నింపగలం, పూర్తిగా ఉచితం. డబ్బులడిగే సైటు కనిపిస్తే అది నకిలీ అని వెంటనే మూసేయండి. అందరూ ఆగిపోయేది చిరునామా దగ్గర. హోటల్ లేదు కదా అని ఖాళీ వదిలితే ఫారం ముందుకి కదలదు. బస అడిగిన చోట ‘ఇతర’ ఎంచుకుని, మనం చూడబోయే చోటు చిరునామా, రాష్ట్రం మలక్కా, ఊరి పిన్‌కోడు వేస్తే సరిపోతుంది. పాస్‌పోర్టు నంబరులో సున్నాకీ ‘ఓ’ అక్షరానికీ తేడా రెండుసార్లు చూసుకోండి. కౌంటర్ దగ్గర పక్కకి నిలబెట్టేది ఎక్కువగా దీనికే.

సింగపూర్ వైపు మాత్రం పని చాలా తేలికైంది. 2024 మార్చి నుంచి కార్లలో వెళ్లేవాళ్లు పాస్‌పోర్టులు తీయకుండా సింగపూర్ ఇమ్మిగ్రేషన్‌వాళ్ల మైఐసీఏ యాప్‌లో క్యూఆర్ చూపించి దాటొచ్చు. బండిలో అందరికీ కలిపి ఒకే కోడ్, పది మంది వరకు. ఇంటి దగ్గరే చేసి స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోవాలి, ఎందుకంటే చెక్‌పోస్ట్ దగ్గరికి రాగానే ఫోన్లు మలేసియా నెట్‌వర్క్ పట్టుకోవడం మొదలుపెడతాయి. బస్సు కంటే ఇదే పెద్ద సుఖం. బస్సులో రెండు దేశాల దగ్గరా సామానుతో సహా దిగి, మెట్లెక్కి, వరుసలో నిలబడి, మన బస్సు ఉందో వెళ్లిపోయిందో అని వెతుక్కోవాలి. వ్యాన్‌లో అమ్మమ్మలు సీట్లోంచి లేవక్కర్లేదు.

హైవే గురించి చెప్పడానికేమీ లేదు. గంటలతరబడి పామాయిల్ తోటలే. పగోహ్ విశ్రాంతి స్థలంలో ఆగండి, మరుగుదొడ్లు శుభ్రంగా ఉంటాయి. శాకాహారులకి అక్కడ దొరికేది తక్కువ. కొబ్బరిపాల అన్నం నాసి లెమాక్‌తో ఇచ్చే కారం సంబల్‌లో నెత్తళ్లు వేస్తారు, చూస్తే కూరగాయ వంటకమే అనిపించే చాలావాటిలో రొయ్యల ముద్ద బెలచాన్ ఉంటుంది. ఇంటి నుంచి పులిహోర తీసుకెళ్లడం తెలివైన పని. ఆయెర్ కెరో దగ్గర హైవే దిగితే ఊళ్లోకి ఇంకో ఇరవై నిమిషాలు.

ఇప్పుడు అసలు సంగతి. డ్రైవర్ మిమ్మల్ని అలవాటుగా ఎర్ర చౌరస్తాలో దింపబోతాడు. వద్దని చెప్పి కోట వైపున్న శాంటియాగో ద్వారం దగ్గర దింపమనండి. 1511లో ఊరిని పట్టుకున్న పోర్చుగీసువాళ్లు కట్టిన ఫమోసా కోటలో నిలిచి ఉన్న ద్వారం ఇదొక్కటే. కోటని కూల్చింది యుద్ధంలో శత్రువులు కాదు. తమకంటే ముందు ఊరిని ఏలిన డచ్చివాళ్లకి రేపెప్పుడైనా తిరిగిచ్చేస్తే మళ్లీ తమ మీదే వాడుకుంటారేమోనన్న భయంతో 1807లో బ్రిటిష్‌వాళ్లే మందుగుండు పెట్టి పేల్చేశారు. ద్వారం మీద రాతిలో డచ్చి ఈస్టిండియా కంపెనీ చిహ్నం, దాని కింద 1670 అన్న అంకె కనిపిస్తాయి. పోర్చుగీసుల గోడ, డచ్చివాళ్ల ముద్ర, బ్రిటిష్‌వాళ్ల విధ్వంసం, మూడూ ఆ ఒక్క గుమ్మంలోనే. ఆ కంపెనీ మనకి కొత్తదేం కాదు. 1600ల తొలి ఏళ్లలోనే బందరులో వర్తక స్థావరం పెట్టి, మన తీరం గుడ్డలు కొని, ఈ దీవుల్లో మిరియాలకీ మసాలా దినుసులకీ మారకంగా అమ్మింది వాళ్లే.

ద్వారం పక్కన మెట్లున్నాయి, పది నిమిషాల ఎక్కుడు. పది గంటల లోపు ఎక్కితే ఎండ తగలదు. కొండ మీద సెయింట్ పాల్ చర్చికి పైకప్పు లేదు, గోడలే మిగిలాయి. 1521లో చిన్న ప్రార్థనాలయంగా మొదలైంది. క్రైస్తవ మత ప్రచారకుడు ఫ్రాన్సిస్ జేవియర్ దేహాన్ని గోవాకి తీసుకెళ్లేముందు 1553లో కొన్ని నెలలు ఇక్కడే ఉంచారు. ఆ గొయ్యి మీద ఇనుప వల వేసి ఉంటుంది. నన్ను ఎక్కువసేపు నిలబెట్టింది మాత్రం గోడలకి ఆనించిన డచ్చి సమాధి ఫలకాలు. మనిషి కంటే ఎత్తైన పలకలు, వాటి మీద లోతుగా చెక్కిన అక్షరాలు, ఓడలు, కవచాలు. భీమిలిలో డచ్చివాళ్ల శ్మశానం చూసినవాళ్లకి ఈ రాళ్లు తెలిసిన మొహాల్లా కనిపిస్తాయి. అక్కడి నుంచి సముద్రం వైపు చూస్తే నీళ్లు చాలా దూరంగా ఉంటాయి. ఒకప్పుడు అలలు కోట దగ్గరిదాకా వచ్చేవి, ఇప్పుడు సముద్రాన్ని పూడ్చిన నేల మీద పెద్ద పెద్ద మాల్స్ లేచాయి.

కొండ అటువైపు దిగితే నేరుగా ఎర్ర చౌరస్తాలోకి వస్తారు. అక్కడికి వద్దామనుకున్నవాళ్లకి దారిలోనే వచ్చేస్తుంది, వేరే సమయం పోదు. 1650లో కట్టిన పాలనా భవనం స్టాడ్‌హౌస్, 1741లో మొదలుపెట్టి 1753లో పూర్తి చేసిన క్రైస్ట్ చర్చి, రెండూ డచ్చివాళ్లవే, కానీ ఆ ఎరుపు వాళ్లది కాదు. బ్రిటిష్ కాలంలో వేసిన రంగు. చర్చి లోపలికెళ్లి తలెత్తి చూడండి, పైకప్పు దూలాలు ఒక్కొక్కటీ ఒకే చెట్టు మానుతో చేసినవి. రిక్షా ఎక్కాలనుకుంటే ధర, ఎంతసేపు అన్నది ముందే మాట్లాడుకోండి. పాటల హోరు తట్టుకోలేనివాళ్లు ఎక్కకపోవడమే నయం. అరగంటకి మించి ఈ చౌరస్తాకి ఇవ్వక్కర్లేదు.

ఊళ్లో నది మీది వంతెన దాటి జాంకర్ స్ట్రీట్ పక్క సందులోకి, తుకాంగ్ ఎమాస్ వీధికి వెళ్లండి. పదకొండుకల్లా చేరాలి, మధ్యాహ్నం గుడి తలుపులు మూసేస్తారు. ఇక్కడి పొయ్యాత వినాయగర్ గుడి 1781 నాటిది. డచ్చి ప్రభుత్వం ఇచ్చిన స్థలంలో తైవనాయగం చెట్టి కట్టించారు. నల్లరాతి వినాయకుడు, వెనక గదిలో మురుగన్. ఎత్తైన గోపురం ఉంటుందని ఊహించుకుంటే కనిపించదు. నాలుగడుగులేస్తే కాంపుంగ్ క్లింగ్ మసీదు, 1748లో కట్టింది. గుమ్మటం లేదు, మూడంతస్తుల పిరమిడ్ లాంటి కప్పు, పక్కన పగోడాని పోలిన మినారు, లోపల ఇంగ్లండు, పోర్చుగల్ నుంచి వచ్చిన పింగాణీ పలకలు, యూరప్ తరహా స్తంభాలు. కట్టుకున్నది భారతీయ ముస్లిం వర్తకులు. శుక్రవారం మధ్యాహ్నం వెళ్లకండి, నమాజు సమయం. ఇంకొంచెం ముందుకెళ్తే పదిహేడో శతాబ్దపు చైనా గుడి చెంగ్ హూన్ తెంగ్. కప్పు అంచుల్లోని పూలూ పక్షులూ రంగురాళ్లు కావు, పగలగొట్టిన పింగాణీ గిన్నెల ముక్కల్ని ఒక్కొక్కటిగా అతికించి చేసినవి. 2008లో మలక్కాకి యునెస్కో గుర్తింపు ఎందుకొచ్చిందో తెలియాలంటే ఈ చిన్న వీధిలో గంటన్నర ఉండాలి.

భోజనానికి వింతలేమీ వెతకొద్దు, టెమెంగాంగ్ వీధి వైపు చిన్న లిటిల్ ఇండియాలో అరిటాకు భోజనం దొరుకుతుంది. తర్వాత చెండోల్ తినండి. కొబ్బరిపాలు, పండాన్ ఆకు రంగు పట్టిన సన్నటి పిండి తీగలు, పైన ముదురు గోధుమరంగు గులా మెలాకా అనే బెల్లం పాకం. శాకాహారులు ఏ అనుమానం లేకుండా తినగలిగే మలక్కా వంటకం ఇదే.

వ్యాన్ ఉందంటే చేయాల్సిన ఇంకో పని, గాజా బెరాంగ్‌లోని కాంపుంగ్ చిట్టికి వెళ్లడం. జాంకర్ నుంచి బండిలో పది నిమిషాలు, బస్సు యాత్రలవాళ్లు అక్కడికి వెళ్లరు. మలక్కా సుల్తానుల కాలంలో వచ్చి ఇక్కడి ఆడవాళ్లని పెళ్లి చేసుకున్న తమిళ వర్తకుల సంతతి, చిట్టిలు, ఉండే పేట ఇది. ఇంట్లో మలయ్ మాట్లాడతారు, ఆడవాళ్లు సారోంగ్ కెబాయా కడతారు, గుమ్మానికి మామిడాకుల తోరణం, లోపల శివుడు. 1822 నాటి ముత్తు మారియమ్మన్ గుడి వాళ్లదే. డ్రైవర్లకి చాలామందికి ఈ పేట తెలియదు, మ్యాప్‌లో పేరు పెట్టి చూపించాలి.

నాలుగున్నరకి బయల్దేరితే ఏడున్నర కల్లా టువాస్. వారాంతమైతే మూడున్నరకే లేవండి, శుక్ర, శని, ఆదివారాల సాయంత్రం జాంకర్‌ని వాహనాలకి మూసేసి రాత్రి బజారు పెడతారు, చుట్టూ వన్‌వేల్లో బండి కదలదు. తిరిగొచ్చేటప్పుడు కస్టమ్స్ గుర్తుంచుకోండి. 48 గంటల లోపు వచ్చేవాళ్లకి వంద డాలర్ల సరుకు వరకే జీఎస్‌టీ మినహాయింపు, ఈపీ, డీపీ వాళ్లకి అదీ లేదు. మలేసియా నుంచి వచ్చేవాళ్లకి మద్యం, సిగరెట్ల మీద రాయితీ అసలే లేదు, చూయింగ్ గమ్ తీసుకురాకూడదు. గులా మెలాకా అచ్చులు ఎన్ని కొనుక్కున్నా ఎవరూ ఆపరు.