సిబ్బంది తగ్గిన యుద్ధనౌకలు, ఒడ్డున పెరిగిన పని

దేవరకొండ ప్రాంతం నుంచి వచ్చి సింగపూర్‌లో ఓడల మరమ్మతు యార్డులో పైప్ ఫిట్టర్‌గా పనిచేస్తున్న నన్ను, కొద్దిమందితో నడిచే యుద్ధనౌకల గురించి విన్న మా ఊరివాళ్లు అడిగేది ఒక్కటే: "అన్నీ మిషన్లే చేసుకుంటే ఇక మీకేం పనుంటది?" నాకు కనిపిస్తున్నది మాత్రం అందుకు పూర్తిగా భిన్నంగా ఉంది.

జననాల రేటు పడిపోయి సైన్యంలో చేరే యువత తగ్గుతున్న సింగపూర్, తీరరక్షణ కోసం 2017 నుంచి 2020 వరకు ఎనిమిది లిటోరల్ మిషన్ నౌకలను నౌకాదళంలో చేర్చుకుంది. 80 మీటర్ల పొడవున్న ఆ నౌకకు 23 మంది మూల సిబ్బంది చాలు. ఓడను నడిపే గదిని (బ్రిడ్జి), పోరాట సమాచార గదిని, ఇంజిన్ల నియంత్రణ గదిని ఒకేచోట కలిపేయడం అందుకు ముఖ్య కారణం.

అమెరికా ఇంతకుముందే ఈ దారి పట్టింది. 2008లో ప్రవేశపెట్టిన ఫ్రీడమ్ నౌకకు మూల సిబ్బందిని 40 మందికే పరిమితం చేసి, మరమ్మతుల్లో చాలా భాగాన్ని ఒడ్డునున్న కాంట్రాక్టర్లకు వదిలేసింది. అదే తరగతికి చెందిన ఫోర్ట్ వర్త్ 2016 జనవరిలో ఇక్కడి రేవులోనే ఆగిపోయింది. డీజిల్ ఇంజిన్లను స్టార్ట్ చేసేటప్పుడు గేర్లకు లూబ్ ఆయిల్ (కందెన నూనె) చాలినంత అందక అవి దెబ్బతిన్నాయి. ఆగస్టు దాకా ఓడ కదలలేదు. సిబ్బంది నిర్దేశిత పద్ధతి పాటించలేదని తేల్చారు. ఇద్దరి పనిని ఒక్కరికి అప్పగించిన చోట అలాంటి ఏమరుపాటుకు ఆ ఒక్కరినే తప్పుపట్టడం నాకు న్యాయంగా తోచదు.

నేను పనిచేసేది సరుకు ఓడల మీదే అయినా లూబ్ ఆయిల్ సంగతి నాకు తెలుసు. ఫిల్టర్ విప్పి, జాలీని తెల్లగుడ్డ మీద దులిపి, మిగిలిన జిడ్డును రెండు వేళ్ల మధ్య నలిపితే ఇసుకలా గరగరలాడే లోహపు రజను తగులుతుంది. సెన్సార్ ఒత్తిడి తగ్గిందని చెప్పగలదు గాని, ఆ ఫిల్టర్‌ను విప్పి శుభ్రం చేసేది మనిషే. మా వైపు బోరు మోటార్లకు ఆటో స్టార్టర్లు బిగించాక రాత్రిళ్లు పొలానికి పోయే బాధ తప్పింది. మోటారు కాలితే దాన్ని పైకి లాగడానికి మాత్రం నలుగురు రావలసిందే.

2016లో అమెరికా నీళ్లలోకి దింపిన సీ హంటర్ వంటి మానవరహిత నౌకలైతే, దారిలో ఏది చెడినా బాగుచేసేవాళ్లు లేకుండానే రేవుకు తిరిగి రావాలి. అంటే మరమ్మతు పనంతా ఒడ్డునున్న మాలాంటివాళ్ల మీదే పడుతుంది. అందుకే పాలిటెక్నిక్ చదువుతున్న మా మేనల్లుడికి, వెల్డింగ్ ఒక్కటే నమ్ముకోకుండా హైడ్రాలిక్స్, సెన్సార్ వైరింగు కూడా నేర్చుకొమ్మని చెబుతున్నాను.